అయిదు అట్టల దిబ్బ

1968, శ్రీకాకుళం

ఫిబ్రవరి 5, సోమవారం

పదకొండో షీటు పూర్తయింది. ఇంక మూడు మిగిలాయి. తుంగగెడ్డ రిజర్వాయరు కింద తవ్వబోయే కొత్త కాలువ కోసం నేల ఎత్తుపల్లాల పటాలు ఇవి. మార్చి ముప్పయ్యో తారీఖున హైదరాబాదు నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడట, ఆ రోజుకి పద్నాలుగూ గోడ మీద ఉండాలన్నారు. ఉంటాయి. ఇరవై ఏడేళ్ల సర్వీసులో జగన్నాధం పటం ఆలస్యమైందని ఎవడైనా అన్నాడా?

ఇవాళ్టి షీటులో బొంతలవలస ఊరి పక్కన ఒక పొడుగాటి దిబ్బ వచ్చింది. అడుగుకో గీత చొప్పున అయిదు గీతలు ఒకదానిలో ఒకటి ఇమిడి చూడముచ్చటగా ఉన్నాయి. మా ఇంజనీరు నారాయణమూర్తి గారు నా వెనక నిలబడి చూసి, "జగన్నాధం గారు గీశాక మళ్లీ చెక్ చేయడం దేనికండీ, టైము దండగ" అన్నారు. కాలువ ఆ దిబ్బని తప్పించుకుని చుట్టు తిరిగి పోయేలా అక్కడికక్కడే ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నారు. అందరూ విన్నారు. మనసుకి హాయిగా ఉంది.

ట్రేసింగ్ గుడ్డ మాత్రం ఈసారి నాసిరకం పంపించారు. దాని మీద ఇంకు పల్చగా కనిపిస్తోంది.

ఇంటికి వస్తుంటే బజార్లో ఒక గేదె పక్క నుంచి వచ్చి సైకిలుకి అడ్డం పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. ఈ ఊళ్లో గేదెలకీ బుద్ధి లేదు, వాటిని తోలేవాళ్లకీ లేదు.

మా ఆవిడ తాయారు ఈమధ్య మజ్జిగ గ్లాసు నా ముందు టక్కుమని పెడుతోంది. దేనికి కోపమో చెప్పదు. అడిగితే "నాకేటి కోపం" అంటుంది. కోపం లేని ఆడది గ్లాసు అలా పెడుతుందా?

ఫిబ్రవరి 7

నా బల్ల మీది బల్బు మార్చమని మళ్లీ రాసిచ్చాను. ఇది మూడోసారి. మార్చిన రెండు బల్బులూ గుడ్డివే.

ఫిబ్రవరి 9, శుక్రవారం

నా పెన్సిలు గీతల మీద ఇంకు వేసే ట్రేసరు పద్మకుమారి ఇవాళ నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మాస్టారూ, పదకొండో షీటు అంచులో ఈ గీత పదో షీటు గీతకి అందలేదండి. కొంచెం పక్కకి పోయింది" అంది.

నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరిన పిల్ల. "నువ్వు లంగా ఓణీ కట్టకముందు నుంచి గీస్తున్నాను. కాగితం వానకి సాగి ఉంటుంది. చూసుకుని మాట్లాడు" అన్నాను. ఫిబ్రవరిలో వాన ఎక్కడిదని అడగలేదు. మంచిపిల్ల. వెళ్లి తన బల్ల దగ్గర కూర్చుంది.

అందరూ వెళ్లాక భూతద్దం పెట్టి చూశాను. గీత అందలేదు. అందకపోవడం కాదు, పావు అంగుళం పక్కకి పోయింది.

ఫిబ్రవరి 10

పద్మకుమారిని అలా కసరకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 18, ఆదివారం

ఒక ఉపాయం తోచింది. పదకొండో షీటు ప్రింటు ఒకటి ఇంటికి తెచ్చుకుని, గీతల వెంబడి తుమ్మజిగురు రాసి కుట్టుదారం అతికించుకుంటూ పోయాను. పొద్దున మొదలుపెడితే భోజనాల వేళకి సగం అయింది. దారం మీద వేలు పెట్టి నడిపిస్తే గీత ఎక్కడ వంక తిరిగిందో, ఎక్కడ అంచు దాటిందో ఇట్టే తెలుస్తోంది. కళ్లకి శ్రమ తగ్గుతుంది. ఇంత సన్నపు గీతలు రోజూ చూస్తే ఎవరి కళ్లయినా అలసిపోతాయి. నా కళ్లే అని కాదు.

తాయారు వచ్చి పక్కన కూర్చుంది. "ఏటండీ ఇది, ముగ్గా?"

"ముగ్గు కాదు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుకుంటూ పోతే ఒక గీత. దానికంటే అడుగు ఎత్తులో ఉన్నవి కలిపితే ఇంకో గీత. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఏటవాలు, దూరంగా ఉంటే చదును."

ఆవిడ చూపుడువేలు దారాల మీద తిప్పి, దిబ్బ దగ్గర ఆగింది. "అయితే ఇదేటి, గుట్టా? గొయ్యా?"

జవాబు చెప్పబోయి ఆగిపోయాను. కాగితం మీద అయితే పక్కన అంకె ఉంటుంది. దారానికి అంకె లేదు. గుట్టకీ గోతికీ దారం ఒకలాగే చుట్టుకుంటుంది. అయిదో క్లాసు చదివిన తాయారు అడిగిన ప్రశ్న ఇరవై ఏడేళ్ల డ్రాఫ్ట్స్‌మన్‌కి తట్టలేదు!

ఫిబ్రవరి 25, ఆదివారం

దారం కాదు, అట్ట. అడుగు ఎత్తుకి ఒక అట్ట.

పాత నోటుపుస్తకాల అట్టలు, పాత కాలెండర్ల అట్టలు, తాయారు పెట్టెలోంచి చీరల అట్టలు కూడా లాగేశాను. ఒక్కో గీత వెంబడి కత్తిరించి ఒకదాని మీద ఒకటి అతికించడం. తాయారు మైదాపిండి ఉడికించి జిగురు చేసి ఇచ్చింది, చీమలు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపింది. బొటనవేలు రెండు చోట్ల తెగింది. పద్నాలుగు అట్టల ఎత్తున పదకొండో షీటు లేచి నిలబడింది.

"అట్లు పేర్చినట్టున్నాది" అని నవ్వింది తాయారు.

నేను కళ్లు మూసుకుని అరచెయ్యి దాని మీద పెట్టాను. గెడ్డ పారే గాడి చేతికి తగిలింది. చెరువు గట్టు తగిలింది. బొంతలవలస దిబ్బ అయిదు మెట్లుగా లేచి, అయిదు మెట్లుగా దిగింది. గీసినప్పుడు ఎంత అందంగా కనిపించిందో చేతికీ అంత బాగుంది. ఇన్నేళ్లుగా నేను గీసిన నేలని మొదటిసారి ముట్టుకున్నాను. కళ్లంట నీళ్లు వచ్చాయి. జిగురులో మైలుతుత్తం ఘాటు అనుకుంటాను.

మార్చి 4

కళ్లద్దాల షాపువాడు మూడు అద్దాలు మార్చి చూసి, అద్దాల్లో లోపం లేదు, విశాఖపట్నం పెద్దాసుపత్రికి వెళ్లండి అన్నాడు. వాడి దగ్గర సరైన అద్దాలు లేవని వాడికీ తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నాడట.

పటాలు అయ్యాక వెళ్తాను. ముందు పని.

మార్చి 11, సోమవారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాసుకోవాలి.

వారం రోజులుగా అట్టల పటాన్ని గుడ్డసంచీలో ఆఫీసుకి తీసుకెళ్తున్నాను. ఒడిలో పెట్టుకుని, ఎడమ చెయ్యి దాని అంచు మీద ఆనించి, కుడిచేత్తో పన్నెండో షీటు గీస్తున్నాను. గీతలు అందుతున్నాయి. ఎవరూ అడగలేదు. పద్మకుమారి చూసింది.

పదకొండు గంటలకి బయట గుమాస్తా ఎవరినో కసురుతున్నాడు. "పటంలో దిబ్బ ఉందయ్యా, నీళ్లు దిబ్బ ఎక్కవు, పో" అంటున్నాడు. అవతలి మనిషి కదలడం లేదు. చివరికి విసుగుపుట్టి నా దగ్గరికి తోలాడు.

పేరు అసిరయ్య. బొంతలవలస చెరువు కింద మళ్లకి నీళ్లు కట్టేది ఆయనే. డెబ్బై దాటి ఉంటాయి. మోకాళ్ల దాకా గోచీపంచె, భుజం మీద తువ్వాలు, పగుళ్లు తీసిన కాళ్లు. తెల్లవారి బయలుదేరి నడిచి వచ్చాడట.

"బాబూ, కొత్త కాలవ మా ఊరికి రాదంట. మా సెరువు మట్టితో పూడిపోనాది. కాలవ రాకపోతే మూడొందల ఎకరాలు ఎండిపోతాది. ఎందుకు రాదు అనడిగితే మా ఊళ్లో దిబ్బ అడ్డమున్నాదంట. పుట్టిన కాడ్నుంచి అక్కడే ఉన్నాను, నేనెప్పుడూ సూణ్ణేదు. ఆ దిబ్బేదో ఓపాలి సూపించు బాబూ, సూసి ఎల్లిపోతాను."

వెటకారమో అమాయకమో తెలియలేదు. గోడ మీది షీటు దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. చాలాసేపు చూశాడు.

"ఏటో సాలీడు గూడులాగున్నాది" అన్నాడు.

ఎందుకు తీశానో తెలియదు, సంచీలోంచి అట్టల పటం తీసి బల్ల మీద పెట్టాను. మా ఆఫీసులో బయటి మనుషులు ఎప్పుడూ పటం తాకరు, తాకనివ్వం కూడా. నేనే ఆయన చెయ్యి పట్టుకుని చెరువు గట్టు మీద పెట్టాను. "ఇది మీ చెరువు గట్టు. ఇటు తూర్పు."

ఆయన ఒక్క క్షణం తటపటాయించి కళ్లు మూసుకున్నాడు. వేళ్లు కదిలాయి.

"ఇది మదుము, సెరువు నీళ్లొదిలే తూము... ఇక్కణ్ణుంచి దిగువకి సోములు గారి మడి... ఇదిగో, గెడ్డ ఇలాగొచ్చి ఇక్కడ మళ్లుతాది. ఓలమ్మో, మా ఊరే!" ముఖమంతా నవ్వు. "ఇది ఎవులు సేసినారు బాబూ?"

"నేనే."

"మా ఊరు ఎప్పుడొచ్చినావు?"

"రాలేదు. ఫీల్డు బుక్కు అంకెల్ని బట్టి గీశాను."

ఆ పొగడ్తకి నేను పొంగిపోతూ ఉండగానే వేళ్లు దిబ్బ దగ్గరికి వచ్చి ఆగిపోయాయి. మెట్లు ఎక్కాయి, దిగాయి, మళ్లీ ఎక్కాయి. నవ్వు పోయింది.

"ఇదేటిది?"

"అదే దిబ్బ."

"ఇక్కడా? ఇక్కడ దిబ్బేటి బాబూ, ఇది గేదెల మడుగు. వోన పడితే మోకాల్లోతు నీళ్లుంటాయి. మా గేదెలన్నీ ఇందులోనే పొర్లుతాయి." కళ్లు తెరిచి నా వైపు చూశాడు. "మిగతాదంతా సరిగ్గా ఉన్నాది. ఈ ఒక్కటే ఎవులో తెచ్చి ఎట్టినట్టున్నాది."

కళ్లెందుకు మూసుకున్నావని అడిగాను. "మడిలో నీళ్లెంతున్నాయో మడమతోటి సూస్తాను బాబూ. కళ్లతో సూస్తే పైన మెరుపే అవుపిస్తాది" అన్నాడు.

కనుక్కుని కబురు చేస్తానని పంపించాను. వెళ్తూ వెళ్తూ పటం మీద ఇంకోసారి చెయ్యి పెట్టి దండం పెట్టుకున్నాడు.

మార్చి 12

ఆయనకి డెబ్బై ఏళ్లు. ఆ వయసులో మతిమరుపు మామూలే.

మార్చి 13, బుధవారం

ఫీల్డు బుక్కు తీశాను. సర్వేయరు కూర్మయ్యది కోడిగీత రాత, అదీ కాపీయింగు పెన్సిలుతో. దిబ్బ ఉన్న చోట నేల ఎత్తు, అడుగుల్లో, 188 అనే ఉంది.

మార్చి 14

మళ్లీ చూశాను. 188 అనే ఉంది.

మార్చి 15

పన్నెండో షీటు ముందుకు సాగడం లేదు. 188 అనే ఉంది.

మార్చి 16, శనివారం

ఫీల్డు బుక్కు ఇంటికి తెచ్చాను. పెరట్లో ఎండ బాగా ఉన్న చోట పీట వేసి తాయారుని కూర్చోబెట్టి, ఆ వరస మీద వేలు పెట్టి చదవమన్నాను.

"నూట ఎనభై మూడు చుక్క ఆరు" అంది.

"సరిగ్గా చూడు. మూడా, ఎనిమిదా?"

"మూడేనండీ. ఎడమ పక్క తెరిచి ఉంటే మూడు గదా. కింద ఇంకేటీ లేదు, చుక్క నాలుగు, చుక్క తొమ్మిది, చుక్క రెండు..."

అదే మా వాళ్ల అలవాటు. వరస మొదట్లో పూర్తి అంకె ఒక్కసారి రాసి, కింద చుక్కా దశాంశమూ మాత్రం రాసుకుంటూ పోతారు. పైన ఉన్న ఒక్క మూడుని నేను ఎనిమిది అనుకున్నాను. కిందివన్నీ దాని వెంట అయిదడుగులు లేచాయి. గేదెల మడుగు మీద అయిదడుగుల దిబ్బ లేపింది కూర్మయ్య కాదు, దేవుడూ కాదు. నేను. అది చూడముచ్చటగా ఉందని మురిసిపోయింది కూడా నేనే.

పుస్తకం మూసేశాను. తాయారు లేవలేదు. "విశాఖపట్నం ఎప్పుడెల్దాం?" అంది.

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"దీపావళి కాడ్నుంచి. అరుగు మీద దీపాల వరస పక్కనే నడిచొచ్చి పంచె అంటించుకున్నారు. గాలికి అంటుకుందన్నారు. ఆ రోజు గాలెక్కడిది?"

"మరి చెప్పలేదేం?"

"మీరు సెప్పలేదు గదా."

మజ్జిగ గ్లాసు సంగతి కూడా అడిగాను. "సప్పుడు సేస్తే సెయ్యి అటెళ్తాదని. మూడుసార్లు ఒలకబోసుకున్నారు" అంది. అయిదు నెలలుగా ఆవిడకి కోపం అనుకుంటున్నాను.

ఏడ్చాను. రాసుకోవడానికి సిగ్గేమిటి, చదివేది నేనేగా.

మార్చి 17, ఆదివారం

పొద్దున్నుంచి ఇదే ఆలోచన.

గుట్టుచప్పుడు కాకుండా షీటు మార్చేయొచ్చా? మార్చలేను. దాన్ని బట్టే కాలువ దారి గీశారు, ఎస్టిమేట్లు పైకి వెళ్లిపోయాయి. చెబితే? ఎలా తప్పు జరిగిందని అడుగుతారు. కళ్లు అని చెప్పాలి. మెడికల్ బోర్డు అంటారు. పనికిరాడని రాస్తారు. యాభై ఒకటో ఏట ఇంట్లో కూర్చుంటాను. పెన్ను పట్టుకోవడం తప్ప నాకు ఇంకేమీ రాదు. వ్యవసాయం రాదు, వ్యాపారం రాదు, నలుగురితో కబుర్లు చెప్పడం కూడా సరిగ్గా రాదు.

చెప్పకపోతే? ఏమీ కాదు. నా పేరు అలాగే ఉంటుంది. కాలువ దిబ్బ కాని దిబ్బని చుట్టి పోతుంది. బొంతలవలస ఎండిపోతుంది. అసిరయ్యని ప్రతి గుమాస్తా "పటంలో దిబ్బ ఉందయ్యా" అని తోలేస్తాడు. ఆయన అబద్ధమాడుతున్నాడనుకుంటారు. పటం అబద్ధమాడదు కదా, జగన్నాధం గీసింది!

చెప్తాను. రేపు పొద్దున్నే చెప్తాను.

ఈ పేజీలో అక్షరాలు వరస తప్పుతున్నాయని తెలుస్తూనే ఉంది.

మార్చి 18

ఇంజనీరు గారు లేరు. జీపు పోలీసు డ్యూటీకి తీసుకున్నారట, ఆయన బస్సులో కేంపుకి వెళ్లారు. ఎల్లుండి వస్తారు.

ఆ మాట వినగానే ప్రాణం కుదుటపడింది. సిగ్గుచేటు.

మార్చి 20, బుధవారం

చెప్పేశాను.

అట్టల పటం సంచీలో పెట్టుకుని, ఫీల్డు బుక్కు చంకలో పెట్టుకుని ఆయన గదిలోకి వెళ్లాను. పదకొండో షీటులో తప్పుందన్నాను. ఆయన షీటు పరిచి, అద్దాలు సర్దుకుని, అటూ ఇటూ చూశారు. "ఎక్కడండీ? నాకేం కనిపించడం లేదే. నీటుగా ఉంది."

"నీటుగానే ఉంటుంది సార్. కళ్లు మూసుకుని దీని మీద చెయ్యి పెట్టండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఇరవై ఏడేళ్లలో ఎవరికీ ఇలాంటి మాట చెప్పినవాణ్ణి కాదు. అందుకేనేమో కళ్లు మూసుకున్నారు. వేళ్లు నేల చదును మీద నెమ్మదిగా జారుకుంటూ వెళ్లి దిబ్బకి తట్టుకున్నాయి. ఆయన నొసలు ముడిపడింది. అటు వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఇంత చదునులో ఇది ఎక్కడిది? ఏదో గోడ కట్టినట్టుంది."

"నేను కట్టాను సార్. అక్కడ మడుగు ఉంది. ఫీల్డు బుక్కులో నూట ఎనభై మూడు. నేను ఎనభై ఎనిమిది చదివాను. నా కళ్లు బాగాలేవు. ఎప్పటి నుంచో బాగాలేవు. చెప్పకుండా దాచాను."

ఇంతే. ఆదివారమంతా కూర్చుని సిద్ధం చేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాలేదు.

ఆయనకి కోపం వచ్చింది. రావాలి కూడా. "ముప్పయ్యో తారీఖు నెత్తి మీద పెట్టుకుని ఇప్పుడా చెప్పడం? మిగతా షీట్ల గతేమిటి? మిమ్మల్ని నమ్మి ఒక్కటీ చెక్ చేయలేదే నేను!" బల్ల మీద చరిచారు. నేను నిలబడే ఉన్నాను. కాసేపటికి గొంతు దిగింది. "మెడికల్ బోర్డుకి రాయక తప్పదు జగన్నాధం గారూ. డ్రాయింగు పని ఇవాళ్టి నుంచి ఆపేయండి."

"ఆపేస్తాను సార్. కాని మిగతా షీట్లకి కూడా ఇలాంటివి చేస్తే తప్పులు దొరుకుతాయి. గీయాల్సిన షీట్లు పద్మకుమారి గీస్తుంది, అంకెలూ తనే చదువుతుంది. అట్టలు నేను కోస్తాను. పది రోజులున్నాయి."

ఆయన చెయ్యి ఇంకా దిబ్బ మీదే ఉంది. "ఇది మాత్రం సరిచేయకండి. నేల మీద లెవెలు మళ్లీ చూసేదాకా ఇలాగే ఉండాలి. రుజువు" అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

నా డ్రాయింగు పెన్ను పద్మకుమారికి ఇచ్చేశాను. తీసుకోలేక తీసుకుంది. "ముల్లు వంచకు, రోజూ తుడు" అన్నాను. ఇంకేదో అందామనుకున్నాను.

మార్చి 24, ఆదివారం

ఆదివారమైనా ఆఫీసే. పద్మకుమారి ఫీల్డు బుక్కు గట్టిగా చదువుతుంది, కూర్మయ్య పక్కన కూర్చుని తన కోడిగీతలకి తనే సాక్ష్యం చెప్తాడు, నేను కోస్తాను. తాయారు ఇంటి నుంచి జిగురు గిన్నె, చద్దన్నం కేరేజీ పంపిస్తోంది. "నా రాత మీద నేరం మోపుతావనుకున్నాను గురూ" అన్నాడు కూర్మయ్య. మూడు రోజులు మోపానని చెప్పాను. పగలబడి నవ్వాడు. అయినా ఆ రాతకి శిక్ష పడాల్సిందే.

ఏడు షీట్లు అయ్యాయి. ఆరో దాంట్లో వేలికి ఒక గొయ్యి తగిలింది, ఉండకూడని చోట. చూస్తే ఏడుని ఒకటి అనుకున్నాను. చిన్నదే. కాని ఉంది.

మార్చి 27

పదకొండు. వేళ్లకి పొక్కులు.

మార్చి 29

పద్నాలుగూ!

మార్చి 30, శనివారం

పెద్దాఫీసరు వచ్చాడు. గోడ మీది పటాలు నడుస్తూ చూశాడు. అట్టల పటాల దగ్గర ఆగి, "ఇదేమిటి, స్కూలు పిల్లలవా?" అన్నాడు. నారాయణమూర్తి గారు, "ముట్టుకుని చూడండి సార్" అన్నారు. రెండు నిమిషాలు ముట్టుకున్నాడు. తప్పు సంగతీ నా సంగతీ ఇంజనీరు గారే చెప్పారు, దాచకుండా, పెంచకుండా. బొంతలవలస దగ్గర వానల్లో లెవెలు మళ్లీ తీసి, తేడా ఉంటే కాలువ దారి మార్చమని ఆర్డరు. తర్వాత భోజనాల సంగతి మాట్లాడుకున్నారు.

అసిరయ్యకి కార్డు రాయించాను.

ఏప్రిల్ 9, మంగళవారం

విశాఖపట్నం పెద్దాసుపత్రి. నీటికాసులు అన్నారు. పోయిన చూపు రాదు. చుక్కల మందు మానకుండా వేసుకుంటే ఉన్నది కొన్నాళ్లు నిలబడొచ్చు. ఎన్నాళ్లని తాయారు అడిగింది. డాక్టరు మందు చీటీ రాసిచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ పక్క సీటు నాకిచ్చింది. విజయనగరం దాటేదాకా బయటికి చూస్తూనే ఉన్నాను. మధ్యలో ఒక్క ముక్కే కనిపిస్తుంది, గొట్టంలోంచి చూసినట్టు. ఆ ముక్కలోంచే చెరకు తోటలు చూశాను, కొండలు చూశాను. ఉన్నంతవరకు చూస్తాను. ఎవడి సొమ్ము?

మే 16

ఇప్పుడు అట్టలో సన్నగా ఒక గాడి కోసి, పేజీ మీద పెట్టుకుని ఆ గాడిలోనే రాస్తున్నాను. వరస తప్పడం లేదు. మెడికల్ బోర్డు ఆగస్టులో. అందాకా నన్ను మోడళ్ల పనిలో ఉంచుతూ ఆర్డరు ఇచ్చారు. ఊరూరా రైతులకి కాలువ దారి చూపించడానికి ఇలాంటివి కావాలన్నారట. ఆగస్టు తర్వాత ఏమిటో ఎవరూ చెప్పరు. నేనూ అడగడం లేదు. పని ఉంది.

జూలై 23, మంగళవారం

బొంతలవలస వెళ్లాం. నేను, కూర్మయ్య, పద్మకుమారి. ఈసారి జీపు దొరికింది. నారాయణమూర్తి గారు రుజువు పటాన్ని తన బీరువాలోంచి తీసి నా చేతికిస్తూ, "తప్పని తేలితే అక్కడే సరిచేసేయండి" అన్నారు.

వారం రోజులుగా వాన. అసిరయ్య ఊరి మొదట్లో ఎదురొచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. ఎవరు చెప్పారో ఏమో, "ఇక్కడ గట్టు బాబూ... ఇక్కడ కాలు ఎత్తి ఎయ్యి" అంటూ గట్ల వెంట నడిపించాడు. ఒకచోట ఆగి, "ఇదే నీ దిబ్బ" అన్నాడు. "ఎక్కుతావా?"

చెప్పులు విప్పి, పంచె పైకి కట్టి దిగాను. ఒక్క అడుగుకే మోకాలి దాకా నీళ్లు, కింద మెత్తటి బురద. ఒక కప్ప నా కాలి పక్క నుంచి గెంతింది. గట్టు మీద జనం నవ్వుతున్నారు. నాకూ నవ్వొచ్చింది. అయిదు నెలల కిందట ఇక్కడ అయిదు గీతలు గీసి చూసి మురిసిపోయిన మొనగాణ్ణి కదా!

కొలతకర్ర నా పక్కనే నీళ్లలో నిలబెట్టారు. కూర్మయ్య గట్టు మీద లెవెలు యంత్రం పెట్టి చూసి, లెక్కకట్టి గట్టిగా అరిచాడు. "నూట ఎనభై మూడూ... చుక్కా అయిదూ!" మొత్తం అంకె చెప్పాడు, నా కోసం. పద్మకుమారి చదివి మళ్లీ చెప్పింది.

గట్టు మీద కూర్చుని పటం ఒళ్లో పెట్టుకున్నాను. అసిరయ్య పక్కన కూర్చున్నాడు. దిబ్బ అంచున గోరు దూర్చి పై అట్ట ఊడదీశాను. తాయారు జిగురు కదా, అంత తేలిగ్గా రాలేదు. రెండోది. మూడోది. నాలుగోది. అయిదోది కూడా వచ్చాక, కింద మిగిలిన పిండి గరుకుని అసిరయ్య తన బొటనవేలితో రుద్ది రుద్ది చదును చేశాడు. తర్వాత కళ్లు మూసుకుని గెడ్డ దగ్గర మొదలుపెట్టి, మదుము మీదుగా, మడుగు దాటి, కొత్త కాలువ వచ్చే వైపుకి చెయ్యి ఒక్క ఊపున పోనిచ్చాడు. ఎక్కడా తట్టుకోలేదు.

"నీళ్లొస్తాయి బాబూ" అన్నాడు.

ఊరివాళ్లు ఒక్కొక్కరే వచ్చి ముట్టుకున్నారు. చంటిపిల్లల్ని ఎత్తుకున్న ఆడవాళ్లు కూడా తమ ఇల్లెక్కడో వెతుక్కున్నారు. పటం ఊళ్లోనే ఉంచేయమని అడిగారు. ఉంచేశాను. ఆఫీసుకి ఇంకోటి చేసుకోవచ్చు.

ఊడదీసిన అయిదు అట్టలూ జేబులో వేసుకుని వచ్చాను. అన్నిటికంటే పెద్దది, అట్టడుగుది, ఈ పేజీ అంచున అతికించాను. ముందు ముందు ఈ డైరీ నేను చదవలేకపోవచ్చు. అయినా ఈ రోజు ఎక్కడుందో వేలు పెడితే దొరుకుతుంది.

గ్లాసు టక్కుమంది. చెయ్యి చాపాను. అందింది.